ఆ మాషాఅల్లాహ్ నాదే



ఈ సంగతి రాయాలా వద్దా అని ఏళ్ల తరబడి ఆలోచించాను. మా భాంజా ఇజాజత్ ఇచ్చాకే రాస్తున్నాను. "నా పేరొక్కటీ రాయొద్దు మామూ, మిగతాదంతా రాసుకోండి" అన్నాడు. కాబట్టి వాడి పేరు ఇందులో కనపడదు. మా ఆపా కొడుకు, బెంగళూరులో ఉద్యోగం. అంతవరకే.

2015 జూన్ 29, సోమవారం. మాకు 11వ రోజా. అసర్ నమాజు చదివి ఇంటికొచ్చి, ఇఫ్తార్‌కి ఇంకా టైముందని మంచం మీద నడుం వాల్చాను. మా ఇంటావిడ వంటింట్లో పకోడీలకు ఉల్లిపాయలు తరుగుతోంది. ఫోను మోగింది. మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో, దమ్మాంలో ఉండే మా ఖాలా కొడుకు ఒక వీడియో పెట్టాడు.

వీడియోలో ఒక పెద్ద బజారు. రెండువైపులా పాతకాలపు మేడలు. జనం చేతుల్లో రంగురంగుల జెండాలు. ఎదురుగా హెల్మెట్లు పెట్టుకున్న పోలీసులు, వాళ్ల వెనక ఒక పెద్ద బండి. ఆ బండి మీది గొట్టంలోంచి నీళ్లు బుసకొడుతూ జనం మీద పడుతున్నాయి. ఒక కుర్రాడు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. నీళ్ల ధార తగిలి వెనక్కి పడిపోయాడు. కింద ఉర్దూలో రాసుంది. ఇస్తాంబుల్‌లో బేహయాలు రంజాన్ నెలలో జులూస్ తీయబోతే తుర్కీ పోలీసులు బుద్ధి చెప్పారట, ముబారక్ నెల ఎహతెరామ్ కాపాడారట.

నిమిషాల్లో గ్రూపు నిండిపోయింది. సుబ్‌హానల్లాహ్‌లు, జజాకల్లాహ్‌లు, చప్పట్లు కొట్టే చేతుల బొమ్మలు. నేనూ ఊరుకోలేదు. "మాషాఅల్లాహ్" అని కొట్టి, ఫోను పక్కన పడేసి, టోపీ వెతుక్కుంటూ లేచాను. అది రాయడానికి నాకు పట్టింది నాలుగు సెకన్లు.

ఎందుకంత ఖుషీ అయ్యామో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తుంది. తుర్కీ మన ఇళ్లల్లో పరాయి దేశం కాదు. మా దాదా పెళ్లి ఫొటోలో ఆయన నెత్తిన ఉన్నది ఎర్ర తుర్కీ టోపీయే. ఖిలాఫత్ ఉద్యమం కబుర్లు నానీ నోట విని పెరిగినవాళ్లం. ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు దుర్రు షెహ్వార్ 1931లో మన నిజాం ఇంటికి కోడలైంది. హైదరాబాదులో పురానీ హవేలీ దగ్గర ఆమె పేరు మీద ఆసుపత్రి ఇప్పటికీ ఉంది. అలాంటి తుర్కీ నుంచి వచ్చిన వీడియో అది. పైగా ఆ వీడియోకి మూడు రోజుల ముందే, జూన్ 26న, అమెరికా సుప్రీంకోర్టు మగవాళ్లు మగవాళ్లనీ, ఆడవాళ్లు ఆడవాళ్లనీ నికాహ్ చేసుకోవచ్చని తీర్పిచ్చింది. ఫేస్‌బుక్ తెరిస్తే ముఖాలన్నీ హరివిల్లు రంగులే. దునియా ఎటు పోతోందో, మన పిల్లలేమవుతారో అని మాకు గాబరా. ఆ గాబరాకి ఎవరో మందు వేసినట్టు అనిపించింది.

నాలుగైదు రోజులకు ఆపా ఫోన్లో మాటల మధ్య చెప్పింది. "వాడు మన గ్రూపులోంచి వెళ్లిపోయాడ్రా. ఆఫీసు పని ఎక్కువట, మెసేజీలు చూడ్డానికి ఫుర్సత్ లేదట." సరేలే అన్నాను. గ్రూపులో 60 మందికి పైగా ఉంటే ఒకడు పోయినట్టు ఎవరికి తెలుస్తుంది?

మరుసటి ఏడాది ఏప్రిల్ 26. ఇషా చదివి వచ్చి భోజనానికి కూర్చోబోతుంటే వాడి ఫోను.

"మామూ, ఢాకా వార్త చూశారా?"

"లేదు బేటా. ఏమైంది?"

"జుల్హాజ్ మన్నాన్ అని ఒకాయన. నిన్న ఇంట్లోకి జొరబడి నరికేశారు. ఆయన దోస్తుని కూడా."

"ఇన్నాలిల్లాహ్. నీకు తెలిసినవాళ్లా?"

"తెలీదు మామూ. ఎప్పుడూ చూళ్లేదు." కొంచెం సేపు ఆగాడు. "నేనూ ఆయనలాంటివాణ్నే. నేను గే మామూ."

నాకు నోరు పెగల్లేదు. వాడే మళ్లీ అన్నాడు. "ఒక్క సవాల్ అడుగుతా. పోయిన రంజాన్‌లో ఇస్తాంబుల్ వీడియో కింద మీరు మాషాఅల్లాహ్ రాశారు. నీళ్లు తగిలి పడిపోయాడే, వాడి బదులు నేనున్నా రాసేవారా?"

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "తౌబా తౌబా". రెండోది "మీ అమ్మీకి తెలుసా". మూడో మాట రాలేదు. ఫోను పెట్టేశాను. మా ఇంటావిడ ఎవరని అడిగితే రాంగ్ నంబరన్నాను. చిన్నప్పుడు సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని బళ్లో దింపిన పిల్లాణ్ని రాంగ్ నంబరన్నాను.

ఆ తర్వాత నాలుగు నెలలు నేను వాడికి ఫోన్ చేయలేదు. వాడూ చేయలేదు. కోపమా, షర్మా, భయమా అంటే మూడూ. నేను టీచర్ని. అర్థం కానిది ఎదురైతే చదవడం తప్ప నాకు ఇంకో దారి తెలియదు. ఆ నాలుగు నెలలూ రాత్రిపూట కూర్చుని, నేను మాషాఅల్లాహ్ అన్నది దేనికో చదివాను.

ఇస్తాంబుల్‌లో ఆ జులూస్ 2003లో మొదలైంది. మొదటిసారి వచ్చింది కొద్దిమందే. అదే ఇస్తిక్లాల్ బజారులో, తక్సీమ్ చౌరస్తా దగ్గర ఏటా నడిచారు. పదేళ్లు తిరిగేసరికి వేలు, పదివేలు అయ్యారు. ప్రైడ్ అంటారు దాన్ని. నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటుంది. 2014లో వాళ్లు నడిచింది జూన్ 29న. అక్కడ అది రంజాన్ రెండో రోజు. ఆ ఏడాది ఎవరూ ఆపలేదు, ఏమీ కాలేదు. రోజాదార్ల రోజా చెడలేదు. 2015లో మాత్రం జనం చేరుకుంటున్న వేళకి గవర్నర్ ఆఫీసు రంజాన్ పేరు చెప్పి వద్దంది. ఆ వెంటనే టియర్ గ్యాస్, రబ్బరు బుల్లెట్లు, నీళ్ల ఫిరంగులు. ఆ నీళ్ల తుంపర మీద ఎండ పడి నిజమైన హరివిల్లు ఏర్పడిన ఫొటో ఒకటి దునియా అంతా తిరిగింది. మా గ్రూపుకు మాత్రం ఆ ఫొటో రాలేదు.

సరే, రంజాన్ ఎహతెరామ్ కోసమే అనుకుందాం. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కదా. 2018లో వాళ్లు నడవాలనుకున్నది జూలై 1న. ఈద్ అయిపోయి రెండు వారాలు దాటింది. అయినా వద్దన్నారు, మళ్లీ కొట్టారు. రంజాన్ జరిగిపోయినా నిషేధం జరగలేదు. ముబారక్ నెలని మధ్యలో ఒక బహానాగా వాడుకున్నారని, ఆ బహానాకి నేను కర్నూలులో కూర్చుని మొహరు వేశానని అప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి. ఖలీఫా ఉన్న రోజుల్లోనే, 1858లో, ఉస్మానీ సల్తనత్ రాసుకున్న శిక్షాస్మృతిలో ఇది నేరాల కింద లేదు. మన దేశంలో దీన్ని జైలు నేరంగా రాసింది రెండేళ్ల తర్వాత, 1860లో, ఇంగ్లీషువాళ్లు. 377 అని మనం విన్న సెక్షన్ అదే. ఖలీఫా రాయని కానూన్‌ని విక్టోరియా రాణి హుకూమత్ రాస్తే, దాన్ని మనం దీన్ అనుకుంటూ వచ్చాం.

ఇక ఢాకా. జుల్హాజ్ అనగానే మనకు హజ్ నెల గుర్తొస్తుంది.  అమెరికా సాయం సంస్థలో ఉద్యోగం. 2014లో రూప్‌బాన్ అనే పత్రిక మొదలుపెట్టాడు. ఆ దేశంలో ఇలాంటివాళ్ల కోసం వచ్చిన మొదటి పత్రిక అది. ఆ ఏడాది ఏప్రిల్ 14న, బెంగాలీల కొత్త సంవత్సరం రోజు, అందరూ రంగురంగుల బట్టల్లో ఊరేగే పండగలో వీళ్లు ఒక్కో రంగు వేసుకుని వరసగా నడిచారు. చేతుల్లో నినాదాల అట్టలు కూడా లేవు. 2015లోనూ నడిచారు. 2016లో బెదిరింపులు వచ్చాయి, పోలీసులు వద్దన్నారు. పైగా ఆ పండగ రోజు నలుగురిని పట్టుకెళ్లారు. పదకొండు రోజుల తర్వాత, ఏప్రిల్ 25న, కలాబాగాన్‌లోని ఆయన ఫ్లాటుకి కొరియర్ తెచ్చామంటూ కొందరు వచ్చారు. ఆయన్నీ, నాటకాలు వేసుకునే ఆయన దోస్తు మహబూబ్ రబ్బీ తనయ్‌నీ కత్తులతో నరికారు. ముసలి తల్లి ఇంట్లోనే ఉంది. పారిపోతూ వాళ్లు అల్లాహు అక్బర్ అని అరిచారని చూసినవాళ్లు చెప్పారు. 2021 ఆగస్టులో అక్కడి కోర్టు ఆరుగురికి ఉరిశిక్ష వేసింది.

ఆ అరుపు దగ్గర నేను చాలా రాత్రులు ఆగిపోయాను. వాళ్లు అల్లాహ్ పేరు చెప్పి కత్తి ఎత్తారు. నేను కత్తి ఎత్తలేదు, నిజమే. కానీ దెబ్బ పడుతుంటే చూసి అల్లాహ్ పేరే చెప్పి మెచ్చుకున్నాను.

ఇది ముసల్మాన్ల మీద మాత్రమే పడే ఇల్జామ్ కాదని కూడా చదివాను. ఇస్తాంబుల్ సంగతి జరిగిన నెలకే, 2015 జూలై 30న, జెరూసలేం ప్రైడ్‌లో ఒక కట్టర్ యూదుడు ఆరుగురిని పొడిచాడు. వాళ్లలో షీరా బాంకీ అనే 16 ఏళ్ల పిల్ల చనిపోయింది. పదేళ్ల కిందట అదే జులూస్‌లో ముగ్గురిని పొడిచి జైలుకెళ్లినవాడే, విడుదలైన మూడు వారాలకి మళ్లీ వచ్చాడు. 2013 మే 17న జార్జియా దేశంలో టిబిలిసీలో వేలమంది గుంపు పిడికెడు మంది మీద పడింది. ముందు నడిచినవాళ్లలో పాదరీలున్నారు. మూడు మజ్‌హబ్‌లు, మూడు ఊళ్లు. అన్నిచోట్లా దెబ్బలు తిన్నవాళ్లు ఒకరే. ఇది చదివితే నాకేం తసల్లీ కలగలేదు. మనవాళ్లొక్కరే కాదులే అనుకోవడానికి ఇదేం పనికిరాదు.

బక్రీద్ ముందు ఒకరోజు మా మొహల్లా మసీదులో పెద్ద హాఫిజ్ సాబ్ దగ్గర కూర్చున్నాను. పేర్లు చెప్పకుండా విషయం చెప్పాను. ఆయన చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ ఉండిపోయారు. తర్వాత అన్నారు: "మాస్టర్ సాబ్, గునాహ్‌ని గునాహ్ కాదని నేను చెప్పలేను. నా ఇల్మ్‌లో అలా లేదు. కానీ ఆ పిల్లాడు ఊళ్లో ఇంతమందిని వదిలి మీకు చెప్పాడు. మీ చేతిలో అమానత్ పెట్టాడు. దాన్ని మీరేం చేశారు?"

నేను జవాబు చెప్పలేదు. ఆయన హజ్రత్ ఉమర్ గురించిన రివాయత్ గుర్తు చేశారు. రాత్రి గస్తీలో ఒకింట్లో గునాహ్ జరుగుతోందని ఆయన గోడ దూకి లోపలికి వెళితే, ఆ ఇంటాయన భయపడకుండా లెక్క చెప్పాడట: నాది ఒక తప్పు, మీవి మూడు. తజస్సుస్ చేశారు, తలుపు వదిలి గోడ దూకారు, సలాం చెప్పకుండా వచ్చారు. ఉమరంతటివారు వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. "ఇక ఖౌమె లూత్ అంటారు కదా అందరూ" అన్నారు హాఫిజ్ సాబ్. "ఆ ఖిస్సాలో హజ్రత్ లూత్ ఎక్కడున్నారు? ఇంటి గుమ్మంలో, మెహమాన్లని కాపాడుతూ. గుంపుగా వచ్చి గుమ్మం మీద పడ్డవాళ్లు ఎవరు? మనం ఎటువైపు నిలబడ్డామో చూసుకోవాలి."

ఆ వారమే బెంగళూరు బస్సెక్కాను.

వాడి గదిలో గోడవారగా జానిమాజ్ మడత పెట్టి ఉంది. అది చూడగానే ఎందుకో గుండె బరువెక్కింది. ఏముంటుందనుకుని వచ్చానో నాకే తెలియదు. వాడు చాయ్ పెట్టాడు. ఆపా పెట్టినట్టే ఇలాచీ ఎక్కువ. "మాఫ్ చెయ్ బేటా" అన్నాను. "దేనికి మామూ, వీడియోకా, ఫోనుకా?" అన్నాడు. "రెంటికీ" అన్నాను.

హాఫిజ్ సాబ్ మాటలు చెబితే నవ్వాడు. "ఆయన సగం దారి వచ్చారు మామూ. గునాహ్ అన్న మాట నేను ఒప్పుకోను. నేను నాకు నేనుగా ఇలా తయారు కాలేదు. కానీ ఆయన వచ్చినంత దూరం కూడా ఎవరూ రారు." ఆ మసలాలో ఫత్వా చెప్పే అర్హత నాకు లేదు. నేను ఇప్పటికీ అన్నీ అర్థమైనవాణ్ని కాను. నాలో ముడుచుకుపోయేది ఏదో ఇంకా ఉంది. దాన్ని దాచి పెద్దమనిషిలా రాయడం నాకిష్టం లేదు.

కానీ ఒక సవాల్ నా మనసులో ఉండింది, మీ మనసులోనూ ఉంటుంది. అడిగేశాను. "ఇంట్లో ఉండొచ్చు కదరా, రోడ్డెక్కడం ఎందుకు?"

"మీలాద్ జులూస్‌లో మీరెందుకు నడుస్తారు మామూ?" అన్నాడు. "దరూద్ ఇంట్లో చదువుకోవచ్చు కదా?"

"అది వేరు, ఇది వేరు" అన్నాను.

"వేరే. నేను ఒకటని అనట్లేదు. కానీ ఏడాదికి ఒక్కరోజు బజారులో నడిస్తే, మేమూ ఈ ఊళ్లోనే ఉన్నామని తెలుస్తుంది. ఒకసారి శాంతిభద్రతల పేరు చెప్పి మన జులూస్‌కి పర్మిషన్ ఇవ్వకపోతే మీరు రెండు రోజులు అన్నం తినలేదు. రాయి పడుతుందేమోనన్న భయంతో నడవడమంటే మనకు ఎవరూ నేర్పక్కర్లేదు మామూ."

బెంగళూరు జులూస్‌లో తనూ నడిచానని చెప్పాడు, ముఖానికి మాస్కు పెట్టుకుని. అలా మాస్కులతో నడిచేవాళ్లు చాలామందట. "పోలీసులకు భయపడి కాదు మామూ. అక్కడ ఎవరూ కొట్టరు. ఫొటోలో అమ్మీ చూస్తుందేమోనని." ఆ వీడియోలో చేతులెత్తిన కుర్రాడికి ముఖమైనా ఉంది. మా వాడు ముఖం కూడా లేకుండా నడిచాడు. దానికి కారణం ఏ ప్రభుత్వమూ కాదు, మేమే.

ఆపాకి తెలిసింది 2018లో. ఆ సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 నుంచి ఇలాంటివాళ్లను తప్పించింది. అదే నెలలో ఆపా వాడికి నంద్యాల రిష్తా ఖాయం చేయబోయింది. అమ్మాయి డిగ్రీ చదివింది, ఖుర్‌ఆన్ బాగా చదువుతుంది, మంచి ఖాందాన్. వాడు ఊరికొచ్చి తల్లి ముందు కూర్చుని చెప్పేశాడు. "అమ్మీ, ఆ పిల్లని నేను మోసం చేయలేను. ఎవరి బిడ్డో ఇంటికొచ్చి జిందగీ అంతా నా తప్పేముందని ఏడుస్తుంది. ఆ బోజు నా మీద వేయకు."

ఆపా ఆ రాత్రంతా జానిమాజ్ మీదే ఉంది. తర్వాత దర్గాకి తీసుకెళ్లింది, నజర్ తీయించింది, తావీజ్ కట్టించింది. వాడు కాదనలేదు, కట్టించుకున్నాడు. ఎవరో మందులతో మారుస్తామన్నారని తెలిసినప్పుడు మాత్రం నేను అడ్డం పడ్డాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితాలోంచి 1990లోనే తీసేసింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో ఇది జబ్బు కాదని బాహాటంగా చెప్పింది. ఇవన్నీ ఆపాకి ఎక్కలేదు. ఎక్కిన మాట ఒక్కటే. "ఆపా, నంద్యాల పిల్ల మన బిడ్డే అయితే, ఇలాంటి నికాహ్‌కి మనం ఖుబూల్ అంటామా?" చాలాసేపు కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. మర్నాడు ఆ ఇంటికి తనే ఫోన్ చేసి, మా వాడికి ఇప్పుడే చేసుకునే ఇరాదా లేదని చెప్పింది.

దూల్హాభాయ్ మాత్రం కొడుకుతో మాట మానేశారు. బజారులో ఎవరైనా అడిగితే, వాడు బిజీ అంటారు. ఇజ్జత్ గల మనిషి. ఆ ఇజ్జత్ కోసమే జీవితమంతా ఒక పైసా అప్పు పెట్టుకోకుండా బతికినవారు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. నాలుగు నెలలు ఫోను చేయనివాణ్ని నేను.

ప్రతి జూన్‌లోనూ ఆ వీడియోలు మళ్లీ తిరుగుతాయి. 2022లో ఇస్తాంబుల్‌లో ఒక్క రోజే 300 మందికి పైగా పట్టుకెళ్లారు. అప్పుడూ మా గ్రూపులో ఎవరో పెట్టారు. మళ్లీ సుబ్‌హానల్లాహ్‌లు మొదలయ్యాయి. ఈసారి నేను రాశాను: "2015లో ఇలాంటి వీడియోకి నేను మాషాఅల్లాహ్ అన్నాను. తప్పు చేశాను. వాపసు తీసుకుంటున్నాను. వీళ్లు చేసేది మీకు నచ్చకపోవచ్చు. కానీ అక్కడ దెబ్బలు తింటున్నది ఎవరో ఒక ఆపా కొడుకు." చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత ఒకరు నాకు హిదాయత్ దొరకాలని దుఆ చేశారు. ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. రాత్రి పదకొండింటికి మా ఖాందాన్‌లోనే ఇంకొకరు నాకు విడిగా ఫోన్ చేసి అరగంట ఏడ్చారు. అది వాళ్ల అమానత్. ఇక్కడ రాయను.

అందుకే ఇది చదివే మీకు నాదొక గుజారిష్. మీ అఖీదా మార్చుకోమని నేను అడగడం లేదు. ఇలాంటి వీడియో వచ్చినప్పుడు, దాని కింద వేలు పెట్టే ముందు, గ్రూపులో ఉన్న పేర్లన్నీ ఒకసారి పైనుంచి కిందికి చూడండి. మీరు రాసేది వాళ్లలో ఒకరు దాచుకుని చదువుతారు. ఏడాది తర్వాత కూడా గుర్తుంచుకుంటారు.

పోయిన ఈద్‌కి వాడు ఇంటికొచ్చాడు. దస్తర్‌ఖాన్ మీద అందరం కూర్చున్నాం. ఆపా వాడి గిన్నెలో షీర్ ఖుర్మా పోసి, బాదంపప్పులు ఏరి మరీ వేసింది. దూల్హాభాయ్ ఎప్పట్లాగే తల వంచుకుని తిన్నారు. లేచి చేయి కడుక్కుంటూ, గోడ వైపు చూస్తూ అడిగారు: "బస్సు ఎన్నింటికి?"

గదిలో అందరం ఆగిపోయాం. వాడు నన్ను చూశాడు, తర్వాత వాళ్ల అబ్బాని చూశాడు.

"తొమ్మిదిన్నరకి అబ్బా."

"నేను దింపుతా" అన్నారాయన.

దుఆల్లో యాద్ పెట్టుకోండి. అల్లాహ్ హాఫిజ్.